ట్యాబ్లెట్ రాడార్ చిత్రంలో కనిపించిన ఖాళీ, నిజమైన ఆకాశంలో ఎందుకు లేదు?

డెంటన్ పక్షి | ఏప్రిల్ 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లోని డెంటన్ విమానాశ్రయం నుంచి సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతుంటాను. ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ వచ్చి ఏడాదిన్నర అయింది. మబ్బుల్లో పరికరాల ఆధారంగా ఎగరడానికి కావలసిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఇంకా లేదు. మొన్న శనివారం జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్టుగా మీ ముందు పెడుతున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో అనుభవం ఉన్నవారు చెప్పాలని నా విన్నపం.

జార్జ్‌టౌన్‌లో మా బావగారి గృహప్రవేశానికి నేను, నా భార్య మధ్యాహ్నం బయలుదేరాము. ఉరుముల వాన సాయంత్రానికి గానీ ఆ ప్రాంతానికి చేరదని ముందస్తు సూచన చెప్పింది. యోక్‌కు (విమానాన్ని నడిపే చక్రానికి) బిగించిన ట్యాబ్లెట్‌లో, కిటికీకి అంటించిన ఏడీఎస్-బీ రిసీవర్ (విమానాల, వాతావరణాల సమాచారాన్ని అందుకునే రేడియో పరికరం) ద్వారా రాడార్ చిత్రం చక్కగా వస్తోంది. వేకో దగ్గరికి వచ్చేసరికి టెంపుల్ వైపు ఎరుపు, పసుపు రంగుల్లో రెండు పెద్ద ముద్దలు, వాటి మధ్య సుమారు 12 మైళ్ల వెడల్పున ఏ రంగూ లేని ఖాళీ కనిపించాయి. చిత్రం వయసు 4 నిమిషాలని తెర మీద స్పష్టంగా ఉంది. ఆ ఖాళీ నాకు 25 మైళ్ల దూరంలో ఉంది, అంటే 13 నిమిషాల ప్రయాణం. మధ్యలోంచి దాటిపోవచ్చనుకున్నాను.

అక్కడికి చేరేసరికి ఎదురుగా నేల దాకా దిగిన నల్లని వాన తెర తప్ప మరేమీ లేదు. ట్యాబ్లెట్‌లో మాత్రం ఖాళీ ఇంకా కనిపిస్తూనే ఉంది, కాస్త సన్నబడిందంతే. వెంటనే వెనక్కి తిప్పాను. తిప్పుతున్నంతసేపూ విమానం బలంగా కుదిపింది, నా భార్య నా భుజం పట్టుకొని కళ్లు మూసుకుంది. వేకోలో దిగి, కారు అద్దెకు తీసుకొని వెళ్లేసరికి ముహూర్తం దాటిపోయింది.

నా రిసీవర్‌లో లోపం ఉందా? నెలనెలా డబ్బు కట్టే ఉపగ్రహ సేవకు మారితే ఈ ఇబ్బంది తొలగుతుందా?

మేఘదర్శి | ఏప్రిల్ 14, రాత్రి 10:45

డెంటన్ పక్షి గారూ, మీరిద్దరూ క్షేమంగా దిగినందుకు ముందుగా సంతోషం. మీ రిసీవర్‌లో ఏ లోపమూ లేదు. అది తన పనిని సరిగ్గానే చేసింది. వాతావరణ రాడార్ల సమాచారంతో కొన్నేళ్లు పనిచేసినవాడిని కాబట్టి, తెర మీది ఆ '4 నిమిషాలు' అనే అంకెకు అర్థం ఏమిటో వివరిస్తాను.

నెక్స్‌రాడ్ అనే అమెరికా వాతావరణ రాడార్ల జాలంలో సుమారు 160 రాడార్లు ఉన్నాయి. మీరు వెళ్లిన దారికి దగ్గరగా ఫోర్ట్‌వర్త్‌లో ఒకటి, గ్రేంజర్ ఊరి దగ్గర ఒకటి ఉన్నాయి. రాడార్ ఆకాశాన్నంతా ఒక్కసారిగా చూడలేదు. తన పళ్లెం ఆకారపు యాంటెన్నాను ఒక కోణంలో ఉంచి చుట్టూ తిప్పి, కొంచెం ఎత్తి మళ్లీ తిప్పి, అలా అంచెలంచెలుగా పైదాకా చూస్తుంది. వాన పడుతున్న వేళ ఈ పూర్తి పరిశీలనకు సుమారు 4 నుంచి 6 నిమిషాలు, నిర్మలాకాశంలో అయితే దాదాపు 10 నిమిషాలు పడుతుంది. ఆ తరువాత అనేక రాడార్ల చిత్రాలను ఒక కేంద్రంలో అతికించి ఒకే పటంగా తయారుచేస్తారు. ఆ పటం నేల మీది ప్రసార స్తంభాలకు చేరి, అక్కడి నుంచి 978 మెగాహెర్ట్జ్ మీద మీ రిసీవర్‌కు వస్తుంది. మీ తెర మీద కనిపించే వయసు ఆ అతికింపు పూర్తయిన క్షణం నుంచి లెక్కించినదే గాని, రాడార్ ఆ మేఘాన్ని నిజంగా చూసిన క్షణం నుంచి లెక్కించినది కాదు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012 జూన్‌లో ప్రత్యేకంగా ఈ విషయం మీదే ఒక హెచ్చరిక వెలువరించింది. తెర మీద చూపే వయసు కంటే చిత్రం 15 నుంచి 20 నిమిషాలు ఎక్కువ పాతదై ఉండవచ్చని అందులో చెప్పారు. 2010 మార్చిలో టెనెస్సీలో కూలిన ఒక వైద్యసేవల హెలికాప్టర్‌ను, 2011 డిసెంబరులో మీ టెక్సాస్‌లోనే కూలిన ఒక పైపర్ విమానాన్ని ఉదాహరణలుగా చూపారు. రెండింటిలోనూ ప్రాణాలు పోయాయి.

ఇక మీ సంగతికి వద్దాము. వసంతకాలంలో టెక్సాస్ మేఘాల వరుస 35 నాట్ల (గంటకు 35 నాటికల్ మైళ్ల) వేగంతో కదలడం మామూలే. 20 నిమిషాల్లో అది దాదాపు 12 మైళ్లు జరుగుతుంది, అంటే సరిగ్గా మీరు చూసిన ఖాళీ వెడల్పు. దానికి తోడు ఆ ఖాళీలోనే కొత్త మేఘం పుట్టి పెరగడానికి పది నిమిషాలైనా చాలు. మీరు 25 మైళ్ల దూరం నుంచి చూసినది అప్పటికే గడిచిపోయిన ఆకాశాన్ని. అక్కడికి చేరడానికి పట్టిన 13 నిమిషాలు దానికి అదనం.

ఒహాయో ఉపాధ్యాయుడు | ఏప్రిల్ 15, ఉదయం 6:10

మేఘదర్శి గారి వివరణకు పైలట్ పాఠాలు చెప్పేవాడిగా కొంత జోడిస్తాను.

డెంటన్ పక్షి గారూ, చిత్రం పాతబడటం మీ చేతిలో లేదు. ఆ చిత్రాన్ని ఏ నిర్ణయానికి వాడుకున్నారన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది. వంద మైళ్ల అవతల మేఘాల వరుస ఏ దిక్కున ఉంది, ఎటు కదులుతోంది, పెరుగుతోందా తరుగుతోందా, దానికి దూరంగా దిగగల ఊళ్లు ఏవి అన్న ప్రశ్నలకు ఈ ట్యాబ్లెట్‌ను మించిన సాధనం చిన్న విమానంలో లేదు. రెండు మేఘాల మధ్య సందు వెతకడానికి మాత్రం అది పనికిరాదు. తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 మైళ్ల దూరం ఉండాలని ఫెడరల్ విమానయాన సంస్థ తన పైలట్ మార్గదర్శినిలో చెబుతుంది. రెండు మేఘాల నుంచీ చెరో 20 మైళ్లు ఉండాలంటే వాటి మధ్య 40 మైళ్ల ఖాళీ కావాలి. 12 మైళ్లు ఖాళీయే కాదు. చిత్రం ఆ క్షణంలోనే తీసినదైనా సరే, నేను నా విద్యార్థులను అందులోంచి వెళ్లనివ్వను.

ఇంకొక మాట. మీ సందేశమంతటిలో నేల మీద నుంచి విమానాల రాకపోకలను చూసే కంట్రోలర్‌తో మాట్లాడినట్టు ఒక్క వాక్యం కూడా లేదు. విమానాశ్రయాల పరిసరాలను చూసే అప్రోచ్ కంట్రోలర్ల రాడార్ వానను దాదాపు ఉన్నది ఉన్నట్టు, చాలా తక్కువ ఆలస్యంతో చూపిస్తుంది. ముందున్న వాన తేలికపాటిదా, ఓ మోస్తరుదా, భారీదా, అతి తీవ్రమైనదా అని వారు చెబుతారు. అయితే సుదూర మార్గాలను చూసే సెంటర్ కంట్రోలర్ తెర మీది వాన కూడా నెక్స్‌రాడ్ నుంచే వస్తుంది కాబట్టి అది కూడా కొంత పాతదే. ఎవరితో మాట్లాడుతున్నారో గుర్తుంచుకొని వారి మాటకు అంత బరువే ఇవ్వండి.

పాతకాలపు రెక్కలు | ఏప్రిల్ 15, ఉదయం 8:35

నేను 1980లలో ఎగరడం నేర్చుకున్నవాడిని. అప్పట్లో విమానంలో రాడార్ చిత్రం అనే ఊహ కూడా మాకు లేదు. రేడియోలో 122.0 మెగాహెర్ట్జ్ మీద ఫ్లైట్ వాచ్ అనే వాతావరణ సమాచార సేవవారిని పిలిచి ముందున్న వాతావరణం అడిగేవాళ్లం. 2015 అక్టోబరు 1తో ఆ ప్రత్యేక ఫ్రీక్వెన్సీని మూసివేశారు. మేము మబ్బు నల్లబడటం కంటితో చూసి, అనుమానం రాగానే వెనక్కి తిరిగేవాళ్లం. ఈ ట్యాబ్లెట్ లేకపోయి ఉంటే డెంటన్ పక్షి గారు వేకో దగ్గరే ఆగేవారని నా గట్టి నమ్మకం. చేతిలో చిత్రం ఉండటమే ఆయనను ముందుకు నెట్టింది. కొత్త పైలట్లు మొదటి రెండేళ్లు దీన్ని గాలిలో చూడకుండా ఉండటమే మేలని నా అభిప్రాయం.

ఒహాయో ఉపాధ్యాయుడు | ఏప్రిల్ 15, ఉదయం 9:02

పెద్దవారి అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మబ్బు నల్లబడటం కంటితో చూడాలంటే గాలి నిర్మలంగా ఉండాలి. మా వైపు వేసవిలో తేమ వల్ల కమ్మే పొగమంచులాంటి మసకలో ఐదారు మైళ్లకు మించి కనిపించని రోజులు ఎన్నో ఉంటాయి. అలాంటి రోజున మసకలో దాగిన ఉరుముల మేఘం గురించి 80 మైళ్ల ముందే తెలిసి, నేను తీరిగ్గా దారి మార్చుకున్న సందర్భాలు ఉన్నాయి. ట్యాబ్లెట్ లేని కాలంలోనూ ఆ మసకలో మేఘంలోకి దూరి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చూడవద్దని చెప్పడం కంటే, చూసినదాన్ని ఎలా చదవాలో నేర్పడమే మన బాధ్యత అనుకుంటాను.

డెంటన్ పక్షి | ఏప్రిల్ 15, మధ్యాహ్నం 12:50

అందరికీ కృతజ్ఞతలు. పాతకాలపు రెక్కలు గారి మాట నా మనసుకు తగిలింది, ఎందుకంటే అది నిజం. తెర మీద ఖాళీ లేకపోతే నేను ముందుకు వెళ్లేవాడిని కాను. కంట్రోలర్‌ను అడగకపోవడానికి కూడా అదే కారణం: నాకు ఇప్పటికే తెలుసని అనుకున్నాను.

ఉపగ్రహ సేవ గురించి ఎవరైనా చెప్పగలరా?

కొలరాడో శిఖరం | ఏప్రిల్ 15, సాయంత్రం 7:15

నేను రెండూ వాడాను కాబట్టి చెబుతున్నాను. ఉపగ్రహం నుంచి వచ్చే సిరియస్ ఎక్స్‌ఎం సేవకు చందా కట్టాలి. ఏడీఎస్-బీ ద్వారా వచ్చే ఫిస్-బీ అనే వాతావరణ ప్రసారం ఉచితం. రెండింటిలోనూ రాడార్లు అవే నెక్స్‌రాడ్ రాడార్లు. కాబట్టి మేఘదర్శి గారు చెప్పిన ఆలస్యంలో మొదటి భాగం చందా కట్టినా తగ్గదు. తేడా అంతా ప్రసారం ఎక్కడెక్కడ అందుతుందన్నదానిలోనే ఉంది. ఫిస్-బీ ప్రసారం నేల మీది స్తంభం నుంచి సూటిగా రావాలి. మధ్యలో కొండ అడ్డుపడితే రాదు. మీ మైదానంలో రెండు వేల అడుగులు ఎక్కగానే హాయిగా అందుతుంది. మా దగ్గర లోయల్లో ఎగిరేటప్పుడు అరగంట సేపు ఏమీ రాకపోవచ్చు. ఉపగ్రహ సంకేతం నేల మీద, లోయలో, శిఖరం మీద ఒకేలా అందుతుంది. ఇంజను వేయకముందే పటం నిండి ఉండటం నాకు చాలా విలువైనది. టెక్సాస్‌లో మీకు ఆ ఖర్చు అవసరం లేదని నా ఉద్దేశం.

ప్రసారం అందని వేళ మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. పాత చిత్రం తెర మీద కదలకుండా అలాగే నిలిచిపోతుంది. చూసేవారికి వాతావరణం ప్రశాంతంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అలాగే పటంలో ఏ రంగూ లేని చోటు వాన లేని చోటని అనుకోకూడదు. రాడార్ చూపు అక్కడికి చేరకపోయి ఉండవచ్చు. దూరం పెరిగేకొద్దీ రాడార్ కిరణం నేలకు ఎత్తుగా వెళ్లిపోతుంది, కొండలు దాన్ని ఆపేస్తాయి. మంచి యాప్‌లు సమాచారం లేని ప్రాంతాన్ని గీతలతో వేరుగా చూపిస్తాయి. మీ యాప్‌లో ఆ గుర్తు ఏమిటో నేల మీదే తెలుసుకోండి.

ఇంకొకటి: ఫిస్-బీలో రెండు రకాల రాడార్ చిత్రాలు వస్తాయి. మీ చుట్టుపక్కల ప్రాంతానిది 2.5 నిమిషాలకోసారి, కాస్త సన్నని గడులతో వస్తుంది. దేశమంతటిదీ 15 నిమిషాలకోసారి, మైళ్ల వెడల్పున్న ముతక గడులతో వస్తుంది. పటాన్ని దూరంగా జరిపి చూసేటప్పుడు మీరు ఏ చిత్రాన్ని చూస్తున్నారో గమనించండి.

ఎడారి కోయిల | ఏప్రిల్ 16, ఉదయం 7:40

నేను ఫీనిక్స్ దగ్గర ఎగురుతాను. చిత్రం వయసు గురించి అందరూ చెప్పారు, చిత్రమే మాయమైపోవడం గురించి నేను చెబుతాను.

చాలా ట్యాబ్లెట్లు 35 డిగ్రీల సెల్సియస్ వరకే పనిచేసేలా తయారవుతాయి. మా దగ్గర వేసవిలో నేల మీద 40 దాటడం రోజూ ఉన్నదే. మొదటి వేసవిలో టేకాఫ్ కోసం వరుసలో ఎండలో ఆగి ఉండగా నా ట్యాబ్లెట్ వేడెక్కి ఆగిపోయింది. గాలిలోకి ఎక్కి చల్లబడేదాకా పటం లేదు, ఛార్టు లేదు. అప్పటి నుంచి మందపాటి కవరు తీసేశాను, వెనక చిన్న ఫ్యాను ఉన్న స్టాండు పెట్టాను. నేల మీద ఉన్నంతసేపు సీటు నీడలో ఉంచుతాను, తెర వెలుగు తగ్గిస్తాను, ఎండలో ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టను. మా వారు కుడి సీటులో ఉంటే రెండో ట్యాబ్లెట్ ఆయన చేతిలో ఉంటుంది, పటం చూసి చెప్పడం ఆయన పని, బయటకు చూడటం నా పని. ఈ పంచుకోవడం వల్ల నా తల ఎంతసేపు కిందికి వంగి ఉంటోందో నాకు మొదటిసారి తెలిసింది. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లగా కనిపిస్తాయి. కొనేముందు కాక్‌పిట్‌లోనే పెట్టి చూసుకోవాలి.

మా ఎడారిలో మరో చిక్కు ఉంది. పైన కురిసిన వాన నేలను తాకకుండానే మధ్యలో ఆవిరైపోతుంది. తెర మీద లేత రంగు, కింద పొడి నేల చూసి ఏమీ లేదనుకుంటాము. కాని ఆ ఆవిరి కావడమే గాలిని చల్లబరచి బరువెక్కించి నేలకేసి విసురుతుంది. ఆ కింది నుంచి వెళ్లే చిన్న విమానం ఎక్కలేక కిందికి జారిపోతుంది. వర్షాకాలంలో లేచే దుమ్ము గోడ వాన రంగుల పటంలో కనిపించనే కనిపించదు. రాడార్ చిత్రం చూపేది వానను మాత్రమే. కుదుపును గాని, మబ్బును గాని, దుమ్మును గాని అది చూపదు.

బేగంపేట విద్యార్థి | ఏప్రిల్ 16, రాత్రి 8:30 (భారత కాలమానం)

సార్, మేడమ్, అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోసం చదువుతున్నాను. ఇదే రిసీవర్ కొని తెచ్చుకుంటే ఇక్కడ పనిచేస్తుందా? ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం మూడు దాటాక క్యుములోనింబస్ (ఉరుముల) మేఘాలు చూస్తుండగానే లేస్తాయి.

మేఘదర్శి | ఏప్రిల్ 16, ఉదయం 11:25

తమ్ముడూ, డబ్బు వృథా చేసుకోవద్దు. 978 మెగాహెర్ట్జ్ మీద వాతావరణ ప్రసారం అమెరికాలో ఏర్పాటు చేసుకున్నది, భారతదేశంలో అది లేదు. 1090 మెగాహెర్ట్జ్ మీద చుట్టుపక్కల విమానాలు కనిపించవచ్చు గాని వాన కనిపించదు. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నాలలో భారత వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడార్లు ఉన్నాయి, వాటి చిత్రాలు శాఖ వెబ్‌సైట్‌లో అందరూ చూడవచ్చు. బయలుదేరే ముందు వరుసగా కొన్ని చిత్రాలు చూసి మేఘం కదిలే దిక్కును కాగితం మీద గీసుకోండి, చిత్రం కింద ఉన్న సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంటే ఐదున్నర గంటలు కలపడం మరచిపోకండి. గాలిలోకి వెళ్లాక మీ కళ్లు, టవర్ మాట, మీ గురువుగారి మాట. మీరు చెప్పిన మూడు గంటల మేఘాలకు సరైన మందు ఉదయాన్నే ఎగిరి పదకొండుకల్లా దిగడమే.

ఒహాయో ఉపాధ్యాయుడు | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:05

విమానాశ్రయాల దగ్గరి వాతావరణాన్ని చెప్పే మెటార్ నివేదికల గురించి ఒక మాట మిగిలింది. అవి సాధారణంగా గంటకోసారి వెలువడతాయి. ట్యాబ్లెట్‌లో ఊరి మీద పచ్చని చుక్క కనిపించిందంటే, 50 నిమిషాల కిందట అక్కడ బాగుందని కూడా దాని అర్థం కావచ్చు. ఊరికి పాతిక మైళ్ల లోపుకు రాగానే రేడియోలో ఆ విమానాశ్రయపు స్వయంచాలక కేంద్రం చెప్పేది వినండి, చాలా చోట్ల అది నిమిషం నిమిషానికీ మారుతూ ఉంటుంది. తెర మీది చుక్కకూ చెవిలో పడే మాటకూ తేడా వస్తే చెవినే నమ్మండి.

డెంటన్ పక్షి | మే 6, రాత్రి 10:15

మూడు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. నిన్న మళ్లీ జార్జ్‌టౌన్‌కు బయలుదేరాము. ఈసారి హిల్స్‌బరో దాటకముందే, మేఘాల వరుస 60 మైళ్ల పడమర ఉండగానే పటం చూశాను, అప్రోచ్ కంట్రోలర్‌ను అడిగాను. వరుస తూర్పుకు వస్తోందని, మధ్యలో ఖాళీలు పూడుతున్నాయని ఆయన చెప్పారు. టెంపుల్ వైపు చూడనైనా చూడకుండా వేకోలో దిగాము. విమానాన్ని కట్టేసి లోపల కూర్చున్నాము.

వేకోలో నేల మీద కూడా ప్రసారం అందుతోంది. మేఘదర్శి గారి మాటలు గుర్తొచ్చి ట్యాబ్లెట్‌ను, రిసీవర్‌ను కిటికీ దగ్గర పెట్టుకొని, ఐదు నిమిషాలకోసారి వాన అంచు మాకు ఎంత దూరంలో ఉన్నట్టు తెర చూపుతోందో ఒక కాగితం మీద రాస్తూ పోయాను. నా భార్య కిటికీలోంచి రన్‌వే అవతలి చెట్లను గమనిస్తూ కూర్చుంది. 'వాన వచ్చేసింది' అని ఆమె చెప్పినప్పుడు మధ్యాహ్నం 3:42 అయింది. ఆ క్షణాన తెర మీద చిత్రం వయసు 3 నిమిషాలు, వాన అంచు వేకోకు పడమర 7 మైళ్ల దూరంలో ఉంది. ఆ కాగితాన్ని తొడకు కట్టుకునే నా నీబోర్డు లోపలి వైపు అతికించాను.

గంటన్నర తరువాత వరుస తూర్పుకు దాటిపోయింది. తడిసిన రన్‌వే మీద నుంచి లేచి, శుభ్రమైన ఆకాశంలో జార్జ్‌టౌన్ చేరాము. బావగారు భోజనానికి మా కోసం కనిపెట్టుకొని ఉన్నారు.